అధికారంలో అందరికీ వాటా: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

వార్డు మీటింగుల్లో, కాలనీ సంఘాల్లో, ఎన్నికలు దగ్గరపడితే టీ కొట్ల దగ్గర మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలివి. ఉదాహరణలు వీలైనంత వరకు విశాఖ, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల నుంచే తీసుకున్నాను. 2022 ఏప్రిల్ దాకా వీటిలో చాలా భాగం ఒకే జిల్లా.

ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళు పాలించడమే కదా ప్రజాస్వామ్యం? మళ్ళీ ఈ వాటాల గొడవ ఎందుకు?

ఈసారి ఓడిన పార్టీ వచ్చేసారి గెలవొచ్చు. ఆ ఆశ ఉంది కాబట్టే ఓడినవాళ్ళు ఫలితాన్ని ఒప్పుకుంటారు. కానీ ఊళ్ళో నూటికి ముగ్గురో నలుగురో ఉన్న కులానికి, తెగకి, భాషకి ఆ అవకాశమే లేదు. తలలు లెక్కపెట్టిన ప్రతిసారీ వాళ్ళది ఓటమే. వాళ్ళ ఇళ్ళ స్థలాలు, వాళ్ళ కొండలు, వాళ్ళ పిల్లల బడి గురించిన నిర్ణయాలు వాళ్ళు లేని గదిలో జరిగిపోతాయి. అందుకే చాలా దేశాలు మెజారిటీ పాలనకి తోడుగా కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాయి. డచ్ రాజనీతి శాస్త్రవేత్త ఆరెండ్ లైప్‌హార్ట్ వాటిని నాలుగుగా చెప్పాడు: ముఖ్య వర్గాలన్నీ కలిసి నడిపే ప్రభుత్వం, పదవుల్లో జనాభాకి తగ్గ వాటా, సొంత విషయాల్లో స్వయంపాలన, తమ ప్రాణం మీదికొచ్చే నిర్ణయాన్ని ఆపగలిగే హక్కు. మన దగ్గర ఈ నాలుగూ ఎంతో కొంత ఉన్నాయి.

నా లెక్కలో చివరిదే అసలు పరీక్ష. ఫలానా వర్గం మనిషికి కుర్చీ దొరికిందా అని చూసి వదిలేస్తే సగమే చూసినట్టు. ఆ కుర్చీలో కూర్చుని ఒక నిర్ణయాన్ని ఆపగలిగారా, మార్చగలిగారా అన్నది కూడా చూడాలి. కింది జవాబులన్నీ ఆ కొలతతోనే రాశాను.

మా వార్డు రిజర్వ్ అయింది. అంటే మిగతా కులాలవాళ్ళం ఓటు వెయ్యకూడదా?

వెయ్యొచ్చు, వెయ్యాలి కూడా. పోటీ చేసేవాళ్ళు మాత్రమే ఆ వర్గంవాళ్ళై ఉండాలి, ఓటు వార్డులో అందరిదీ.

ఇది ఇలా ఉండటం వెనక పెద్ద గొడవే నడిచింది. 1909లో బ్రిటిష్ ప్రభుత్వం ముస్లింలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. అంటే ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటేస్తారు. 1932 ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అదే పద్ధతిని అంటరానితనానికి గురైన కులాలకీ ఇచ్చింది. అంబేద్కర్ దాన్ని స్వాగతించారు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకి కూర్చున్నారు. చివరికి సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం కుదిరింది. ప్రాంతీయ శాసనసభల్లో 71గా ఉన్న సీట్లు 148 అయ్యాయి, కానీ ప్రత్యేక ఓటు పోయింది. ఈరోజు మన ఉమ్మడి ఓటు పద్ధతి ఆ ఒప్పందం నుంచి వచ్చిందే.

దీని ఫలితం మన పక్కనే చూడొచ్చు. పాయకరావుపేట ఎస్సీ నియోజకవర్గం. గెలిచేది ఎస్సీ అభ్యర్థే అయినా ఓటర్లలో ఎక్కువమంది ఎస్సీలు కారు. దళితవాడలో శ్మశానం స్థలం గురించి పెద్ద రైతుతో తగాదా వస్తే, ఎమ్మెల్యే ఇటు గట్టిగా నిలబడితే అటు ఓట్లు పోతాయి. అదే అరకు, పాడేరు చూడండి. అక్కడ ఓటర్లలో అత్యధికులు గిరిజనులే, కాబట్టి ఎమ్మెల్యే ఎవరికి జవాబు చెప్పాలో స్పష్టంగా ఉంటుంది. రెండూ రిజర్వ్‌డ్ సీట్లే, కానీ వాటి బలం ఒకటి కాదు. ఉమ్మడి ఓటు కులాల మధ్య గోడలు పెంచకుండా ఆపిందన్న మాట నిజం. అభ్యర్థి గొంతు కాస్త మెత్తబడేలా చేసిందన్నదీ అంతే నిజం.

వార్డుల్లో రిజర్వేషన్ ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి జనాభా నిష్పత్తిలో సీట్లు ఇవ్వాలి, మహిళలకి కనీసం మూడోవంతు ఇవ్వాలి. మన రాష్ట్రం మహిళల వాటాని సగానికి పెంచింది. బీసీల కోటాని రాజ్యాంగం రాష్ట్రాలకే వదిలేసింది. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులున్నాయి. ఏ వార్డు ఎవరికి అన్నది ఎన్నిక ఎన్నికకీ మారుతుంది.

ఈ రొటేషన్‌తో ఒక చిక్కుంది. అయిదేళ్ళు కష్టపడి పనిచేసిన కార్పొరేటర్ వార్డు వచ్చేసారి వేరే వర్గానికి పోవచ్చు. మళ్ళీ జనం ముందుకెళ్ళి "నా పని చూసి ఓటెయ్యండి" అని అడిగే వీలుండదు. రొటేషన్ వద్దని నేను అనను, లేకపోతే కొన్ని వార్డుల్లో కొన్ని వర్గాలకి ఎప్పటికీ అవకాశం రాదు. రెండు విడతలకోసారి మారిస్తే మాత్రం మెరుగు.

2020లో పంచాయతీల్లో బీసీల వాటా ఎందుకు తగ్గింది?

అప్పుడు ఎస్సీ 19.08, ఎస్టీ 6.77, బీసీ 34, మొత్తం 59.85 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 50 శాతం దాటకూడదని 2010లో సుప్రీంకోర్టు కృష్ణమూర్తి కేసులో చెప్పింది. ఆ లెక్కన 2020 మార్చి 2న హైకోర్టు దీన్ని కొట్టేసింది. ఎస్సీ, ఎస్టీల వాటా రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి కోత పూర్తిగా బీసీల మీద పడి, వాళ్ళది 24.15కి దిగింది. సరైన జనాభా లెక్కలు చేతిలో లేకుండా ఇచ్చిన కోటా కోర్టులో నిలబడదు. 2027 జనగణనలో కులాల లెక్క తీస్తామని కేంద్రం ప్రకటించింది కాబట్టి ఈ వాదన అప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

మేం జాలర్లం, బీసీ-ఏ. బీసీ సీటులో మాకు గెలుపు ఎందుకు కష్టమవుతోంది?

చదువుల్లో, ఉద్యోగాల్లో బీసీలని ఏ, బీ, సీ, డీ, ఈ అని విడగొట్టారు. జాలరి, వాడబలిజ కులాలు ఏలో ఉన్నాయి. యాదవులు, గవరలు, కొప్పుల వెలమలు డీలో ఉన్నారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు జాలరి కుర్రాడు డీ గ్రూపు వాళ్ళతో పోటీ పడడు. స్థానిక ఎన్నికల్లో మాత్రం బీసీ సీటు అంటే అందరికీ ఒకటే సీటు. భూములు, వ్యాపారాలు, పార్టీలో పట్టు ఉన్న కులాల ముందు తీరం ఒడ్డున ఇరుకు ఇళ్ళలో ఉండే జాలరిపేట మనిషి టికెట్ దగ్గరే ఆగిపోతాడు.

కోటా ఇచ్చిన చోట కూడా ఆ కోటా లోపల బలవంతుడిదే పైచేయి అవుతుందని ఇది చూపిస్తోంది. స్థానిక సంస్థల్లోనూ బీసీ సీట్లని ఉప-వర్గాలుగా పంచాలన్నది నా అభిప్రాయం. 98 వార్డుల కార్పొరేషన్‌లో అది లెక్కకి అందని పనేమీ కాదు.

ఇంకో మాట. ఒక కులమంతా ఒకే మాట మీద ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల గొడవ గుర్తుంది కదా. రింగు వలలు వేసేవాళ్ళూ మత్స్యకారులే, అవి వేస్తే చిన్న వలలకి చేప దక్కదని అడ్డుకున్నవాళ్ళూ మత్స్యకారులే. సముద్రంలో పడవలు తగలబడ్డాయి, పేటల్లో పోలీసు ఆంక్షలు పెట్టారు. అలాంటప్పుడు "మత్స్యకార ప్రతినిధి" అని ఒకే మనిషిని కూర్చోబెడితే అతను ఏ వల తరఫున మాట్లాడతాడు? చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్ళ తరఫున ఎవరు మాట్లాడతారు? సమాజం లోపలి తేడాలని కూడా చర్చకి పిలిచినప్పుడే వాటా పూర్తవుతుంది.

ఎస్సీ వర్గీకరణ వచ్చింది కదా, ఎమ్మెల్యే సీట్లు కూడా అలా పంచుతారా?

లేదు. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చాక, మన రాష్ట్రం 2025లో 15 శాతాన్ని రెల్లి గ్రూపుకి 1, మాదిగ గ్రూపుకి 6.5, మాల గ్రూపుకి 7.5 చొప్పున పంచింది. ఇది చదువులకి, ఉద్యోగాలకి మాత్రమే. రాష్ట్రంలోని 29 ఎస్సీ అసెంబ్లీ సీట్లకి దీంతో సంబంధం లేదు. తెల్లారకముందే విశాఖ వీధులు ఊడ్చేవాళ్ళలో రెల్లి కుటుంబాలు ఎన్నో. వాళ్ళ పిల్లలకి ఆ ఒక్క శాతం చిన్న సంగతి కాదు. కానీ చట్టసభ గడప దగ్గర వాళ్ళ పరిస్థితి ఎక్కడిదక్కడే ఉంది.

ఏజెన్సీలో మనం స్థలం ఎందుకు కొనుక్కోలేం? ఒకే దేశంలో రెండు చట్టాలా?

అరకులో రిసార్టు స్థలాల ప్రకటనలు చూసినవాళ్ళు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. కాస్త వివరంగా చెప్పాలి.

కొండ ప్రాంతాల్లో షావుకార్లు అప్పు పేరుతో గిరిజనుల భూములు లాగేసుకున్న చరిత్ర మనకుంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు పెట్టి, ఆ ప్రాంతాల్లో భూబదిలీని నియంత్రించే అధికారం గవర్నరుకిచ్చింది. 1959 నిబంధనని 1970లో సవరించారు. జనం నోట్లో అది 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతిలో కనిపిస్తే, అది మొదట గిరిజనుడిదేనని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. అమ్మకం గిరిజనుల మధ్యే జరగాలి.

తర్వాతి అడుగు మన జిల్లా నుంచే పడింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదు, భూబదిలీ విషయంలో ప్రభుత్వమూ గిరిజనేతర వ్యక్తితో సమానమే. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం అవసరాలకి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. దేశంలో ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో భూమి గురించి ఎక్కడ వాదన జరిగినా ఈ తీర్పు ప్రస్తావన వస్తుంది. విశాఖవాళ్ళం దీన్ని మన గొప్పగా చెప్పుకోవాలి.

1996లో పంచాయతీ వ్యవస్థని షెడ్యూల్డ్ ప్రాంతాలకి విస్తరించే పెసా చట్టం వచ్చింది. భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలి, చిన్నతరహా ఖనిజాల లీజుకి దాని సిఫారసు ఉండాలి, అటవీ ఫలసాయం మీద హక్కు గ్రామానిదే. అక్కడి పంచాయతీ, మండల అధ్యక్ష పదవులన్నీ గిరిజనులకే. కాగితం మీద ఇంతకన్నా గట్టి వాటా ఇంకెవరికీ లేదు. ఆచరణ వేరు. "సంప్రదించాలి" అంటే ఒప్పుకోవాలనేనా అన్న దగ్గరే అధికారులకీ గ్రామాలకీ పేచీ. 2015లో జెర్రెల బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అటవీ భూమిని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకి ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. కంపెనీ ప్రభుత్వానిదే కాబట్టి సమత తీర్పు అడ్డు రాదన్నది లెక్క. ఏజెన్సీ అంతా రోడ్డెక్కింది. 2019లో ఆ జీవో రద్దయింది. ఆపే హక్కు చట్టంలో ఉన్నా, దాన్ని వాడుకోవడానికి జనం ఏళ్ళ తరబడి ఊరేగింపులు తియ్యాల్సి వచ్చింది.

మరి గిరిజన సలహా మండలి ఏం చేస్తుంది? ఇరవై మందికి మించకుండా సభ్యులుంటారు, వాళ్ళలో వీలైనంత వరకు నాలుగింట మూడొంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలు ఉండాలి. రాష్ట్రం మొత్తానికి ఉన్న ఎస్టీ అసెంబ్లీ సీట్లు ఏడు. పేరులోనే ఉంది, అది సలహా ఇచ్చేదే. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన మూడో నంబరు జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదన్న కోర్టు తర్కం నాకు అర్థమవుతుంది. కానీ కువి భాషో ఆదివాసీ ఒడియానో మాత్రమే తెలిసిన ఒకటో తరగతి పిల్లకి ఆ భాష రాని టీచరు పాఠం ఎలా చెబుతారో ఆ తర్కం చెప్పదు. దానికి వేరే దారి వెతకడం ప్రభుత్వం పని.

కార్పొరేటర్ ఆవిడే, కానీ తిరిగేదంతా ఆవిడ భర్త. ఇదేం వాటా?

కోపం న్యాయమైనదే. ఫ్లెక్సీ మీద ఆయన ఫొటో పెద్దది, ఆవిడ ఫొటో చిన్నది. ఫోన్ చేస్తే ఎత్తేది ఆయన. అయినా కోటా వృథా అనను. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల్లో రాఘవేంద్ర ఛటోపాధ్యాయ్, ఎస్తర్ డఫ్లో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మహిళలకి రిజర్వ్ అయిన చోట తాగునీటి పనులకి ఎక్కువ ఖర్చు పెట్టినట్టు తేలింది. బిందె మోసేవాళ్ళకే నీళ్ళ బాధ తెలుస్తుంది మరి. మీ పని కోసం వెళ్ళినప్పుడు ఆవిడతోనే మాట్లాడతానని కూర్చోండి. అర్జీ మీద ఆవిడ పేరే రాయండి. అధికారులు కూడా సమీక్షల్లోకి భర్తల్ని రానివ్వకూడదు.

అసెంబ్లీ, పార్లమెంటుల్లో మూడోవంతు కోటా 2023లో 106వ సవరణగా వచ్చింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలని అందులోనే రాశారు.

మా కార్పొరేటర్ మంచివాడే, అయినా ఏ పనీ జరగదు. అధికారం అసలు ఎక్కడుంది?

చాలావరకు మూడు చోట్ల ఉంది: కమిషనర్ దగ్గర, స్టాండింగ్ కమిటీలో, రాష్ట్ర ప్రభుత్వంలో.

ఖర్చులు తేల్చే స్టాండింగ్ కమిటీలో పదిమంది. ఏటా కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. కౌన్సిల్‌లో ఎవరికి పైచేయి ఉంటే పది సీట్లూ వాళ్ళకే పోతాయి. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికలో పదికి పదీ ఒకే పక్షానికి వచ్చాయి. సగానికి కాస్త అటూ ఇటుగా ఉన్న అవతలి పక్షం, వాళ్ళ వెనకున్న వార్డులు, డబ్బు ఖర్చయ్యే గదిలో లేనట్టే. కౌన్సిల్‌లో బలానికి తగ్గట్టు కమిటీ సీట్లు పంచితే ఇది తీరుతుంది, దానికి చట్టంలో చిన్న మార్పు చాలు. ఏ పార్టీ గెలిచినా ఈ మార్పు చెయ్యదు, ఎందుకంటే గెలిచినవాళ్ళకి అది నష్టం. అందుకే అడగాల్సింది జనమే.

తర్వాత టేబుల్ అజెండా. కౌన్సిల్ సమావేశానికి ముందు సభ్యులకి అజెండా పుస్తకం వస్తుంది. కొన్ని అంశాలు మాత్రం అందులో ఉండవు, సమావేశం రోజునే బల్ల మీదకి వస్తాయి. చదివే టైం ఉండదు. మొదటిసారి గెలిచి, లెక్కల భాష ఇంకా అలవాటు కాని ఎస్సీ మహిళా కార్పొరేటర్ ఆ కాగితం తిరగేసేలోపే "ఆమోదం" అనేస్తారు. కుర్చీలో ఆవిడ ఉంది, ఓటు ఉంది, నిర్ణయంలో మాత్రం ఆవిడ లేదు.

అసలు పాలకవర్గమే లేని కాలం కూడా చూశాం. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్ళీ ఓట్లు వేసింది 2021 మార్చిలో. గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం చెబుతున్నా, తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ తొమ్మిదేళ్ళలో ఏ వర్గానికి ఎన్ని వార్డులన్న ప్రశ్నకి అర్థమే లేకుండా పోయింది.

కులానికో డిప్యూటీ సీఎం ఇస్తే సరిపోతుందా?

2019లో మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, కాపు వర్గాల నుంచి ఒక్కొక్కరు చొప్పున ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు అయ్యారు. గౌరవం దక్కింది, అది తక్కువేమీ కాదు. కానీ ఉప ముఖ్యమంత్రి పదవి రాజ్యాంగంలో లేదు. ఏ శాఖ ఇచ్చారు, ఆ శాఖ ఫైలు ఎవరి సంతకంతో కదులుతుంది అన్నదే చూడాలి. ఏ ప్రభుత్వానికైనా ఇదే కొలత.

వాటాని గట్టిగా రాసి తాళం వేస్తే ఏమవుతుందో లెబనాన్‌ని చూడాలి. 1943 ఒప్పందంతో అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా అని తేల్చుకున్నారు. పార్లమెంటులో ఆరుగురు క్రైస్తవులకి ఐదుగురు ముస్లింలు. ఆధారం 1932 జనగణన. తర్వాత జనాభా మారింది, వాటాలు మారలేదు, మళ్ళీ జనం లెక్క తీసే ధైర్యం ఏ ప్రభుత్వమూ చెయ్యలేదు. 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం నడవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ యుద్ధాన్ని ముగించిన తాయిఫ్ ఒప్పందం తర్వాత సీట్లు సమానమయ్యాయి, పదవులకి మతం ముద్ర మాత్రం పోలేదు. మన రిజర్వేషన్లలో గడువు, జనగణన, రొటేషన్ ఉండటం ఆ రకంగా మంచిదే. పదో తరగతి సోషల్‌లో పిల్లలు చదివే బెల్జియం ఇంకో దారి పట్టింది: కేంద్ర మంత్రివర్గంలో డచ్, ఫ్రెంచి వాళ్ళు సమానం, పైగా భాషా సమాజాలకి వాళ్ళ సొంత ప్రభుత్వాలు.

ఉత్తరాంధ్రకి అన్యాయం జరిగిందంటారు. ప్రాంతాల మధ్య వాటాకి ఒప్పందాలేమీ లేవా?

ఉన్నాయి, వాటిని ఎంతవరకు పాటించారన్నదే కథ. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది. రాజధాని, హైకోర్టుల్లో ఏదో ఒకటి కోరుకునే హక్కు రాయలసీమకి ఇచ్చారు. 1953లో కర్నూలు రాజధాని, 1954లో గుంటూరులో హైకోర్టు అందువల్లే వచ్చాయి. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణ నాయకులతో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉండాలి. రాష్ట్రం ఏర్పడగానే నీలం సంజీవరెడ్డి ఆ పదవి ఆరో వేలు లాంటిదని పక్కన పెట్టారు. రాసుకున్న మాటని మొదటి రోజే తప్పితే ఎంత కాలం బాధిస్తుందో 1969 నుంచి 2014 దాకా చూశాం.

ఈ రెండు ఒప్పందాల్లోనూ కోస్తా అంటే ఒకే ముక్క. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ఉన్న మన ప్రాంతానికి విడిగా ఏమీ రాయలేదు. 2014 విభజన చట్టంలో మొదటిసారి రాయలసీమతో పాటు ఉత్తర కోస్తాకి ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీ మాట వచ్చింది. ఏడు జిల్లాలకి జిల్లాకి యాభై కోట్ల చొప్పున కొన్నేళ్ళు లెక్కేశారు. వలసలతో ఊళ్ళు ఖాళీ అవుతున్న ప్రాంతానికి ఆ డబ్బు ఏ మూలకి? నా దృష్టిలో ప్యాకేజీ కన్నా, సాగునీటి ప్రాజెక్టుల ప్రాధాన్యం నిర్ణయించే చోట ఓటున్న ప్రాంతీయ మండలి ఎక్కువ ఉపయోగం.

మేం కేరళ, బెంగాల్, ఒడిశా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ఇంకొందరం స్టీల్‌ప్లాంట్ నిర్వాసితులం. మా లాంటివాళ్ళకి ఏ కోటా?

సీట్ల కోటా ఏదీ లేదు. భాషా మైనారిటీలకి 30వ అధికరణ కింద సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు, 350ఏ కింద మాతృభాషలో ప్రాథమిక చదువు ఉన్నాయి. నిర్వాసితుల సంగతి ఇంకా కష్టం. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి, ఆర్-కార్డు (నిర్వాసితులకిచ్చిన కార్డు) దాచుకుని, ఉద్యోగం కోసం తరాల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు గాజువాక, అగనంపూడి వైపు ఉన్నాయి. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు కాబట్టి కులాల పట్టికలో వాళ్ళు కనపడరు. వాళ్ళకి కావలసింది వార్డు సీటు కన్నా, ప్లాంటు భూముల గురించి మాట్లాడే ప్రతి కమిటీలో ఒక చోటు.

ముస్లింలకి, క్రైస్తవులకి సీట్ల రిజర్వేషన్ ఎందుకు లేదు?

దేశ విభజన తర్వాత రాజ్యాంగ సభ 1949లో మతం ఆధారంగా సీట్ల ప్రతిపాదనని వదిలేసింది. కార్పొరేషన్‌లో కో-ఆప్షన్ సభ్యులుగా (వార్డు నుంచి గెలవకుండా కౌన్సిల్ చేర్చుకునేవాళ్ళు) మైనారిటీలకి చోటుంది. వాళ్ళు మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు.

మామూలు పౌరుడిగా నేనేం అడగగలను?

సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మూడు అడగండి: గత ఏడాది వార్డులవారీగా చేసిన ఖర్చు, కౌన్సిల్ సమావేశాల మినిట్స్, టేబుల్ అజెండాగా వచ్చిన అంశాల జాబితా. కొండవాలు బస్తీలున్న వార్డుకీ బీచ్ రోడ్డు పక్క వార్డుకీ ఎంత తేడా ఉందో పక్కపక్కన పెట్టి చూడండి. వార్డుల హద్దులు మార్చినప్పుడు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటారు. ఒక పేటని రెండు వార్డుల మధ్య చీల్చితే ఆ పేట ఓటు రెండు చోట్లా చెల్లని కాసే అవుతుంది. ఆ గడువు చాలా తక్కువ ఉంటుంది కాబట్టి, నోటిఫికేషన్ వచ్చిన రోజే మ్యాపు తీసుకుని మీ వీధి ఎటు పడిందో చూసుకోండి, అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.